ఈసీ తీశారు, మట్టి సంగతేంటి?

పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక మా మొహల్లా పెద్దాయన ఒకరు పక్కకు పిలిచి, గన్నవరం అవతల ప్లాటు తీసుకుంటున్నానని ఖుషీగా చెప్పారు. ఈసీ తీశారట, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించారట. "ఇంతకు ముందు అక్కడ ఏముండేది చాచా?" అన్నాను. "ఏదో పాత బ్యాటరీల షెడ్డు, ఖాళీ చేసి పోయారు" అన్నారు. బస్, అంతే.

ఈసీ జమీన్ మీదున్న అప్పులు చెప్తుంది, లోపలున్న జహర్ సంగతి చెప్పదు. బ్యాటరీలు పగలగొట్టిన చోట తేజాబ్ నేలలోకి ఇంకుతుంది, సీసం పైమట్టిలోనే తిష్ట వేస్తుంది. ఏళ్లు గడిచినా పోదు. ఆ మట్టిలో ఆడుకుని చేతులు నోట్లో పెట్టుకునేది మన బచ్చాలే. సీసం ఇంతవరకు ఫరవాలేదనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. జెహన్ మందగించాక ఏ ట్యూషన్ పెట్టిస్తాం?

కొందరికి కోపం వస్తుందని తెలుసు. బెజవాడ ఆటోనగర్‌లో, ఈ హైవే పక్కన మెకానిక్కులు, కబాడీవాళ్లు చాలామంది మనవాళ్లే. మా మామూ ఆ ఆయిల్ చేతులతోనే మమ్మల్ని చదివించారు. ఆ కమాయి హలాల్, అందులో షక్ లేదు. కానీ కాలిన ఇంజినాయిల్‌ని నాలుగు రూపాయలు ఎక్కువిచ్చేవాడికి అమ్మి, మిగిలింది నాలాలో పోయడం ఆ హునర్‌లో భాగం కాదు. 2016 రూల్స్ ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మామూలుగా 90 రోజులకు మించి ఉంచుకోకుండా, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి కాగితం దాచుకోవాలి. బ్యాటరీలకు 2022 రూల్స్ వేరే ఉన్నాయి. "చిన్న దుకాణాలం, మాకెందుకివన్నీ" అంటారా భాయ్? సీసం దుకాణం సైజు చూసి ఒంట్లోకి పోదు. పెద్ద ఫ్యాక్టరీకైతే ఫైలు రాసిపెట్టే కన్సల్టెంట్ ఉంటాడు, షెడ్డువాడికి చెప్పే దిక్కుండదు. అది సర్కారు తప్పే, ఒప్పుకుంటాను.

అమెరికాలో నయాగరా ఫాల్స్ ఊళ్లో ఒక కెమికల్ కంపెనీ జహర్ పూడ్చిన జాగాను 1953లో ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చింది. దాని మీద స్కూలు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో ఖాందాన్లకు ఖాందాన్లే ఖాళీ చేయాల్సొచ్చింది. 1980లో చట్టం వచ్చింది. అప్పట్నుంచి అక్కడ వ్యాపారానికి జాగా కొనేవాడు ముందు దాని పాత కథ తవ్వుతాడు, షక్ ఉంటే మట్టి, నీళ్లు పరీక్ష చేయిస్తాడు. లేకపోతే శుభ్రం చేసే ఖర్చు తన మెడకే చుట్టుకోవచ్చు. మనకూ 2025 జూలైలో కలుషిత స్థలాల రూల్స్ వచ్చాయి. జహర్ పోసినవాడే ఖర్చు భరించాలన్నారు. బాగుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం మట్టి గురించి ఇవాళ్టికీ సవాల్ లేదు.

సరే, మనకు చట్టమే చెప్పాలా? మాలులో ఐబ్ ఉంటే చెప్పి అమ్మాలి, దాస్తే కొన్నవాడికి తిప్పి ఇచ్చేసే హక్కుంది. ఖియారె ఐబ్ అంటారు దాన్ని. గుడ్డకు చిరుగుంటే చెప్పాలంటామే, వెంచర్లు వేసే మన రియల్టర్ సాబ్‌లు షెడ్డు సంగతి మింగేస్తే అది ఐబ్ కాదా? బ్రోచర్ పైన బిస్మిల్లా అచ్చేస్తే కప్పడిపోతుందా?

బయానా ఇచ్చేముందు పైమట్టి, బోరు నీళ్లు ల్యాబ్‌లో చూపించమని, సీసం పేరు చెప్పి మరీ అడగమని చాచాకు చెప్పాను. నిన్న ఫోన్ చేశారు. అమ్మేవాడు "మట్టికి కూడా టెస్టా సాబ్?" అని నవ్వాడట.