ట్యాగ్ చేయని తోటి ప్రయాణికుడు

లిబియా అనగానే మనలో చాలామందికి గడాఫీ, చమురు, అంతర్యుద్ధం తప్ప ఇంకేం గుర్తురావు. నాకూ అంతే. రోజిటా ఫోర్బ్స్ గురించి చదివాక మాత్రం కుఫ్రా అనే పేరు బుర్రలో ఉండిపోయింది.

ఫోర్బ్స్ ఇంగ్లండ్ రచయిత్రి. తర్వాత నవలలూ రాసింది. కానీ ఆమెకు పేరు తెచ్చింది మాత్రం 1920 చివర్లో మొదలైన లిబియా ఎడారి ప్రయాణం. కుఫ్రా అంటే సహారా నడిమధ్యలోని ఒయాసిస్సుల గుంపు. సనూసీ అనే సూఫీ శాఖకు గట్టి పట్టున్న చోటు. బయటివాళ్లు అడుగుపెట్టడం చాలా కష్టం. 1879లో వెళ్లిన జర్మన్ యాత్రికుడు రోల్ఫ్స్ మీద దాడి జరిగితే, ప్రాణాలు దక్కించుకుని బయటపడ్డాడు.

అలాంటి చోటికి ఫోర్బ్స్ ఖదీజా అని పేరు మార్చుకుని, ముస్లిం స్త్రీ వేషంలో బయల్దేరింది. 1921 జనవరిలో చేరింది. అదే ఏడాది పుస్తకం కూడా వచ్చేసింది. ఆమె పేరు మార్మోగిపోయింది.

సూపర్ కదా! కానీ ఆమె పక్కన ఇంకొకాయన కూడా ఉన్నాడు. పేరు అహ్మద్ హసనైన్. ఈజిప్టువాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1920 ఒలింపిక్స్‌లో కత్తిసాము పోటీల్లో దిగాడు. సనూసీ పెద్ద ఇద్రిస్‌తో ఆయనకు పరిచయం ఉంది. ఈ ఇద్రిసే 1951లో లిబియాకు రాజయ్యాడు. ఆ పరిచయం, ఆ భాష, ఆ మర్యాదలు తెలిసిన మనిషి లేకుండా ఎడారిలో దారి దొరకడం అంత ఈజీ కాదు. అయినా హసనైన్‌కు దక్కాల్సిన క్రెడిట్ ఫోర్బ్స్ ఇవ్వలేదని అప్పట్లోనే విమర్శలొచ్చాయి.

ఫోర్బ్స్ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి అంత దూరం ఒంటె మీద వెళ్లడం మామూలు విషయం కాదు. కానీ ధైర్యం ఇద్దరిదీ, పేరు ఒకరిదే అయితే ఎలా?

హసనైన్ గొడవ పడుతూ కూర్చోలేదు. 1923లో తనే బయల్దేరాడు. కుఫ్రా దాటి ఇంకా దక్షిణానికి వెళ్లి, అప్పటిదాకా మ్యాపుల్లో లేని అర్కెనూ, ఉవైనాత్‌లను లెక్కకట్టి మ్యాపులోకి ఎక్కించాడు. 1924లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. మరుసటి ఏడాది ఆయన పుస్తకమూ వచ్చింది.

అందరికీ ఇలా రెండో ఛాన్స్ దొరకదు. ఒంటెలు తోలినవాళ్లు, బావుల జాడ చెప్పినవాళ్లు పుస్తకాలు రాయలేదు. అందుకే ఈసారి ట్రిప్ ఫొటోలు పెట్టేటప్పుడు, దారి చూపించిన లోకల్ గైడ్ పేరు కూడా ఒక లైన్‌లో రాయండి. ముందు ఆయన్ని అడిగి మరీ రాయండి.