వాసన పట్టిన వాళ్ల మాటకు విలువెంత?

కటవారియా సరాయ్ ఇరుకు గదుల్లో ఉండి గేట్, ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షలకు చదువుకునే తెలుగు పిల్లలకు నవంబరు వచ్చిందంటే ఫోన్‌లో ఏక్యూఐ చూసుకోవడం అలవాటైపోతుంది. ఆ అంకె నాలుగు వందలు దాటితే టీవీల్లో అదే గోల. ఆ అంకెలో ఏం చేరదో అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

2015లో మొదలైన జాతీయ వాయు నాణ్యత సూచీ ఎనిమిది కాలుష్యాలనే లెక్కలోకి తీసుకుంటుంది. 2009 నాటి జాతీయ ప్రమాణాల్లో బెంజీన్ వంటివి కలిపి మొత్తం పన్నెండున్నాయి. స్టైరీన్ ఈ రెండింటిలోనూ లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి లీకై పన్నెండు మందిని బలిగొన్నది ఆ స్టైరీనే. కర్మాగారంలో సైరన్ ఏర్పాట్లున్నా మోగించలేదని నీరబ్ కుమార్ ప్రసాద్ కమిటీ తేల్చింది. ఆర్.ఆర్. వెంకటాపురం జనాన్ని నిద్రలేపినవి ఘాటు వాసన, కళ్ల మంటలే.

అంటే ఫ్యాక్టరీ పక్కన ఉండే మనిషి ముక్కే అక్కడి మొదటి యంత్రం. ఈ సంగతిని పద్ధతిగా వాడుకున్నది తమిళనాడులోని కడలూరు. సిప్కాట్ రసాయన పరిశ్రమల చుట్టుపక్కల పల్లెల వాళ్లు 2004లో వాసన వచ్చిన వేళ, గాలి వీచిన దిక్కు, ఒంట్లో కలిగిన బాధ రాసిపెట్టడం మొదలుపెట్టారు. తమకు తెలిసిన వాసనలతో పోల్చి రాశారు. వాసన ఎక్కువైనప్పుడు బకెట్‌తో గాలి పట్టారు. మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్, లోపల ప్రత్యేకమైన సంచి, గాలి లాగే చిన్న మోటారు, అంతే సరంజామా. 1990లలో కాలిఫోర్నియా చమురు శుద్ధి కర్మాగారాల పక్క జనం వాడిన పద్ధతి ఇది. కడలూరు సంచులు అమెరికా ల్యాబుకు వెళితే ఇరవైకి పైగా విష రసాయనాలు బయటపడ్డాయి. అప్పటిదాకా ‘వాసనే కదా’ అని కొట్టిపారేసిన ఫిర్యాదుకు పేర్లు, మోతాదులు దొరికాయి.

చిక్కు ఆ తర్వాతే వస్తుంది. 1981 నాటి వాయు చట్టం 26వ సెక్షన్‌లో నమూనా తీసే పద్ధతి ఉంది. బోర్డు అధికారి తీయాలి, యజమానికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, అతని ఎదుట సీలు వేయాలి. అర్ధరాత్రి వదిలే గ్యాస్ ఆ అధికారి వచ్చేదాకా ఆగుతుందా? జనం పట్టిన గాలికి ఈ పద్ధతిలో చోటే లేదు. 1987 సవరణతో ఎవరైనా అరవై రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకు ఫిర్యాదు చేసే హక్కు వచ్చింది గానీ, సాక్ష్యానికి మళ్లీ బోర్డు గుమ్మమే తొక్కాలి.

కటవారియా సరాయ్ ఉన్న దక్షిణ ఢిల్లీలోనే ఓఖ్లాలో దీని ఫలితం చూడొచ్చు. చెత్తను కాల్చి కరెంటు తీసే కర్మాగారం మీద సుఖ్‌దేవ్ విహార్ వాసులు 2009లోనే, అది నడవకముందే, హైకోర్టుకు వెళ్లారు. కేసు హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది: పాతిక లక్షల పరిహారం కట్టి కర్మాగారం నడుపుకోవచ్చు. ఎనిమిదేళ్లు తిరిగిన కాలనీవాళ్లకు దక్కింది అది.

ఫ్యాక్టరీ పొగగొట్టాలకు బిగించిన ఆన్‌లైన్ మీటర్ల అంకెలు ప్రజలకు కనిపించాలని సుప్రీంకోర్టు అదే నెలలో చెప్పింది. మంచిదే. కానీ ఆ మీటర్లు ఫ్యాక్టరీవి, పైగా పైపు జాయింట్లలోంచి, ట్యాంకు మూతల్లోంచి కారే గ్యాస్ పొగగొట్టం దాకా పోదు. అందుకే గ్రామస్తుల వాసన డైరీని బోర్డులు ఫిర్యాదుగా నమోదు చేసుకుని, ఒకే రాత్రి పదిమంది ఒకే వాసన రాస్తే గంటల్లో తమ నమూనా తాము తీయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, బోర్డు సర్క్యులర్ చాలు. పరవాడ ఫార్మా సిటీ చుట్టూ ఉన్న ఊళ్లలో మొదలుపెట్టొచ్చు.