పక్కింటివాణ్ణి వదిలేసి ఉపగ్రహం మీద కేకలు

ఈ మధ్య ఒక సభలో ఓ వక్త గొంతు వణికించి మరీ చెప్పాడు: అమెరికాలో పనీపాటా లేనివాళ్ళు కొందరు గూగుల్ ఎర్త్ తెరిచి, ఎవరెవరి పెరట్లో పెద్ద పెద్ద డిష్‌లున్నాయో వెతికి పట్టుకుంటున్నారట, మనిషికి పెరడు కూడా సొంతం కాకుండా పోయిందట. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పైనున్న ఉపగ్రహం మన పళ్ళెంలో కూరేమిటో చూస్తోందన్న భయం చదువు రానివాళ్ళకంటే వచ్చినవాళ్ళకే ఎక్కువ పట్టుకుంది.

సరదాకి అలా వెతికేవాళ్ళు ఉన్నారు, కాదనను. వాళ్ళకు దొరికేది ఏమిటి? 1980లలో నాటిన మూడు మీటర్ల సీ-బ్యాండ్ డిష్‌లు. గడ్డి మీద ఒక గుండ్రటి మచ్చ, పక్కన సాగిన నీడ, మొహం దక్షిణానికి. టీవీ ప్రసార ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ పైనే ఉంటాయి కనుక అమెరికాలో ప్రతి టీవీ డిష్షూ దక్షిణపు ఆకాశాన్నే చూడాలి. 2014లో పైకి వెళ్ళిన వరల్డ్‌వ్యూ-3 ఉపగ్రహం బొమ్మలో ఒక చుక్క (పిక్సెల్) అంటే నేల మీద 31 సెంటీమీటర్లు. అంటే మూడు మీటర్ల డిష్ దానికి అడ్డంగా పది చుక్కలు. మన డాబాల మీద ఉండే చిన్న డిష్ రెండు చుక్కలు, అంతే. అంతకంటే స్పష్టంగా కనిపించే ఊళ్ళ బొమ్మలు చాలావరకు విమానాల్లోంచి తీసినవి. తిట్టేవాళ్ళకు ఆ తేడా తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

పోనీ, ఆ పది చుక్కలు ఏం చెబుతాయి? ఒకప్పుడు ఈ ఇంటివాడికి టీవీ పిచ్చి ఉండేదని. చాలా డిష్‌లు ఇప్పుడు తుప్పు పట్టి, తీగలు పాకి పడున్నాయి. ఇంట్లో ఎవరు ఏ చానల్ ఎంతసేపు చూశారో ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. అది చెప్పింది హాల్లో గోడకున్న టీవీ. విజియో కంపెనీ కోటీ పది లక్షల టీవీల నుంచి చూసేవాళ్ళ చిట్టా గుట్టుగా లాగుతోందని 2017లో అమెరికా ప్రభుత్వం పట్టుకుంటే, 22 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. దాని మీద మన వక్తలెవరైనా గొంతు వణికించారా? ఆ టీవీ ముందు కూర్చుని మరీ ఉపగ్రహాన్ని తిట్టారు.

అసలు ఈ డిష్‌ల వాళ్ళ చరిత్ర తెలిస్తే గోప్యత గోల ఇంకా వింతగా ఉంటుంది. 1976లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ టేలర్ హోవర్డ్ కాలిఫోర్నియాలో తన ఇంటి దగ్గర డిష్ కట్టుకుని, కేబుల్ కంపెనీల కోసం హెచ్‌బీఓ పంపుతున్న సినిమాలు తను చూశాడు. మర్యాదస్తుడు కనుక డబ్బుకు చెక్కు కూడా పంపాడు. వాళ్ళు తిప్పి పంపారు. 1979 నాటికి ఖరీదైన దుకాణం నీమన్ మార్కస్ తన క్రిస్మస్ కేటలాగులో 36,500 డాలర్లకు డిష్ పెట్టింది. ఆ తర్వాత లక్షల పెరళ్ళలో అవే. చెక్కు పంపే మర్యాద మాత్రం వ్యాపించలేదు. అప్పుడు వాళ్ళ వాదన ఒక్కటే: మా పెరట్లో పడ్డ తరంగం మాది, పంపినవాడికి అడిగే హక్కు లేదు. 1986 జనవరిలో హెచ్‌బీఓ తన సిగ్నల్‌కు తాళం వేస్తే దేశమంతా గగ్గోలు. ఆ ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో ఒక డిష్‌ల వ్యాపారి, తాను పని చేసే ప్రసార కేంద్రం నుంచే హెచ్‌బీఓ బొమ్మను అణగదొక్కి, నాలుగున్నర నిమిషాలు తన నిరసన రాతను ప్రేక్షకులకు చూపించాడు.

సరే, పడ్డ తరంగం మీదే. మరి మీ పెరట్లోంచి పైకి లేచిపోయిన వెలుతురు ఎవరిది? దాన్నీ మీ ఖాతాలోనే రాసుకుంటారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాణ్ణి నేనింకా చూడలేదు.

ఇక కాలనీ సంఘాల సంగతి. అమెరికాలో ఇళ్ళ యజమానుల సంఘాలు అని ఉంటాయి. గడ్డి ఎంత ఎత్తుండాలో, గోడకు ఏ రంగుండాలో, బట్టలు ఎక్కడ ఆరేయకూడదో అవే చెబుతాయి. మన అపార్టుమెంటు కార్యదర్శి చేతికి చట్టం, జరిమానా రసీదు పుస్తకం ఇచ్చినట్టు ఊహించుకోండి. (మా కార్యదర్శికి అవి లేకుండానే ఆ ధాటి ఉంది, అది వేరే సంగతి.) డిష్ కనబడితే చాలు, తీసెయ్యమని ఉత్తరం వచ్చేది. 1996లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కలగజేసుకుని, మీటరు లోపు డిష్‌లను సంఘాలు నిషేధించడానికి వీల్లేదంది. అంతకంటే పెద్దవాటికి ఆ రక్షణ లేదు. సన్నని గుడ్డ సిగ్నల్‌ను ఆపదు కనుక, డిష్‌ను పెరటి గొడుగులా మభ్యపెట్టే తొడుగులు కూడా అమ్మారు. గూగుల్ ఎర్త్ వచ్చింది 2005లో. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఈ గొడుగు వేషం ఎవరి కళ్ళు కప్పడానికి? కంచె అవతలివాడి కళ్ళు! వాణ్ణి వదిలి ఉపగ్రహాన్ని తిట్టడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

డిష్‌ల వేటకు ప్రభుత్వాలకైనా ఉపగ్రహం అక్కర్లేదు. ఇరాన్‌లో 1990లలోనే డిష్‌లను నిషేధించారు. అక్కడ పోలీసులు మెట్లు తొక్కి, మిద్దెలెక్కి డిష్‌లు విరగ్గొట్టారు. బూట్ల కాళ్ళకు చుక్కల లెక్కతో పని లేదు.

ఉపగ్రహాన్ని తిట్టేవాళ్ళు ఈత కొలనుల కథ కూడా చెబుతారు. 2010 ప్రాంతంలో ఏథెన్స్ ఉత్తర శివార్లలో తమకు కొలను ఉందని పన్ను కాగితాల్లో ఒప్పుకున్నవి 324 ఇళ్ళు. ఆకాశ చిత్రాల్లో తేలినవి 16,974. మిగతా పదహారు వేల పైచిలుకు కొలనుల యజమానుల గోప్యత కోసం నేను కన్నీళ్ళు పెట్టుకోవాలా?

మాజీ రాష్ట్రపతి కలాంగారి పేరు కూడా లాగుతారు. 2005 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసు అధికారుల ముందు ఆయన గూగుల్ ఎర్త్ గురించి ఆందోళన వెలిబుచ్చిన మాట నిజమే. ఆయన బాధ దేశ రక్షణది. దాన్ని తుప్పు పట్టిన డిష్‌కు అంటగడితే ఆయనకు గౌరవం కాదు.

మరేం చేద్దామంటారు అని అడుగుతారు. బొమ్మను అలాగే ఉండనివ్వండి. బొమ్మకు ఇంటి నంబరు, యజమాని పేరు అతికించి ఊరేగించేవాణ్ణి పట్టుకోండి. ఏ చట్టంతో అన్నది వకీళ్ళు తేల్చాలి, నాకు చేతకాదు. మొదలుపెట్టడానికి ఒక చోటు మాత్రం చెప్పగలను: అమెరికాలో చాలా కౌంటీల్లో ఏ ఇల్లు ఎవరిదో, పన్నుకు ఎంత విలువ కట్టారో కౌంటీ ఆఫీసే కంప్యూటర్లో అందరికీ చూపిస్తుంది. డిష్ వేటగాడు పేరు కావాలనుకుంటే వెళ్ళేది అక్కడికే.