పొలపు గట్టు వృథా నేల కాదు

వరి ఈనిక దశకు వచ్చు వేళ ఒకమారు మీ ఊరి చేలు తిరిగి చూడుడు. గడ్డిమందు చల్లి, పూవన్నది లేకుండ మాడ్చిన గట్లు ఎన్ని గలవో గమనింపుడు. గట్టు నున్నగ నున్న పురుగు రాదని మనలో పలువురి నమ్మకము. ఈ నమ్మకమును మార్చుకొనవలసి యున్నది.

సుడిదోమ సంగతి మీకు వేరుగ చెప్పనక్కరలేదు. అది దుబ్బు మొదళ్ళ చేరి రసము పీల్చగా చేను సుడులు సుడులుగ ఎండిపోవును. కాని దోమకును శత్రువులు గలవు. సాలీళ్ళు దానిని పట్టి తినును. మిరిడ్ నల్లులు దాని గ్రుడ్లను పీల్చివేయును. కంటికి ఆనని చిన్న కందిరీగలు ఆ గ్రుడ్లలోనే తమ గ్రుడ్లు పెట్టి వానిని నాశనము చేయును. ఎదిగిన కందిరీగకు ఆహారము పూదేనె. అది వరిలో దొరకదు, గట్టుపై దొరకవలెను. చేను దమ్ము చేయు దినములలో సాలీళ్ళకు తలదాచుకొను చోటును గట్టే.

మందు హెచ్చించిన దోమ తగ్గుననుకొనుటయు సరికాదు. దోమ గ్రుడ్లు ఆకు తొడుగులో దాగి మందుకు చిక్కవు. పైన తిరుగు సాలీళ్ళు మాత్రము చచ్చును. పిమ్మట పుట్టిన దోమ పిల్లలకు అడ్డుండదు. ఇండోనేషియాలో ఇట్లే దోమ విజృంభింపగా, 1986లో అచ్చటి ప్రభుత్వము వరిపై 57 పురుగుమందుల వాడకమును నిషేధించెను. దాని వలన ఆ దేశమునకు తిండిగింజల కరవు రాలేదు.

థాయిలాండు, చైనా, వియత్నాము దేశములలో శాస్త్రజ్ఞులు నాలుగేండ్ల పాటు వరి గట్లపై తేనెనిచ్చు పూలమొక్కలు పెంచి పరిశీలించిరి. 2016లో వెలువడిన ఫలితముల ప్రకారము పురుగుమందు చల్లుట 70 శాతము తగ్గెను. ధాన్యము దిగుబడి 5 శాతము పెరిగెను. ఆదాయపు మేలు 7.5 శాతము కనబడెను.

గట్టుపై మొక్కలున్న ఎలుకలు చేరవా, కలుపు పెరగదా అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. గట్టును అడవిగ వదలుడని మా మాట కాదు. గట్టు సన్నగ నుంచి, ఎలుక బొరియలు త్రవ్వి, ముదిరిన గడ్డిని కొడవలితో కోసి, ఆ చోట నువ్వులు, బంతి, అలసంద వేయుడు. గట్లపై కంది వేయుట మన పెద్దలెరిగిన పనియే గదా!

ఒక్క రైతు పూనిన చాలదు. ప్రక్క చేలో సింథటిక్ పైరెథ్రాయిడ్ మందు చల్లిన, దోమ హెచ్చుటయే గాక, మీరు పెంచిన మిత్రపురుగులకును ముప్పే. కనుక గ్రామ అధికారులు ఒకే కాలువ క్రింది రైతులను కూర్చుండబెట్టి మాటాడవలెను. కాలువ గట్లపై, పుంతల వెంట గల చెట్లను, పొదలను నరికి తగులబెట్టనీయరాదు. అవి ఊరందరి చేలకు కాపలాదారుల నివాసములు.

అప్పు తెచ్చి మందు కొను రైతుకు ఒక్క పిచికారి తగ్గినను ఆ మేరకు అప్పు తగ్గినట్లే. వచ్చు సార్వాలో గట్టు పొడవున ఒక్క వరుస పూలమొక్కలు నాటి చూడుడు. మందు డబ్బా మూత విప్పుటకు ముందు దుబ్బు మొదట దోమలెన్ని గలవో, సాలీళ్ళెన్ని గలవో లెక్కింపుడు. ఆ పిదపనే నిర్ణయము చేయుడు.