సలహా ఉచితం, సలహా చెప్పేవాళ్ళ శ్రమ కాదు



చలికాలం వచ్చిందంటే నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. మంచు చూడాలని జనం అర్ధరాత్రే బయలుదేరతారు. ఆ రోడ్డుకో చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలనలో దాని పనికి ఆదివాసుల్ని తోలారు. తహసీల్దారు బాస్టియన్ వాళ్ళ కూలి ఎగ్గొట్టాడు. 1922లో అల్లూరి వెంట మన్యం లేవడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు కూలి ఒకటి. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. దాడి గురించి అందరం చెప్పుకుంటాం. అంతకుముందు సంగతి ఎవరం అడగం. కూలి ఎగ్గొట్టిన తహసీల్దారు మీద ఎవరికి చెప్పుకోవాలి? అర్జీ ఎవరు రాసిపెడతారు?

వందేళ్ళు దాటాయి. ఇప్పుడు చట్టాలు ఉన్నాయి. అర్జీ రాసిపెట్టే మనిషి మాత్రం ఇంకా ఊళ్ళో లేడు.

లంబసింగి లాంటి ఊళ్ళో ఏం జరుగుతుందో ఊహించుకోండి. మైదానం నుంచి ఒకాయన వస్తాడు. రోడ్డు పక్క ఎకరం పదేళ్ళకి లీజు అంటాడు. స్టాంపు కాగితం మీద వేలిముద్ర పడుతుంది. టెంట్లు లేస్తాయి, తర్వాత గదులు లేస్తాయి. భూమి యజమాని అక్కడే వాచ్‌మన్ అవుతాడు. అతనికి తెలియాల్సింది ఒక్క ముక్క. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి వచ్చిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి పేరున జరిగే బదలాయింపు చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే అనుకోకండి. లీజు, తనఖా, దానం కూడా అందులోకే వస్తాయి. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. నేను దళితుణ్ణి. ఈ చట్టం ప్రకారం నాకూ అక్కడ సెంటు భూమి కొనే హక్కు లేదు, ఉండకూడదు కూడా.

పోడు పట్టా సంగతీ అంతే. అటవీ హక్కుల చట్టం కింద సబ్ డివిజన్ కమిటీ క్లెయిమును కొట్టేస్తే జిల్లా కమిటీకి వెళ్ళడానికి 60 రోజులు గడువు. కొట్టేశారన్న కబురే అందని మనిషికి ఆ 60 రోజులూ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయాయో తెలియదు.

"ఉచిత న్యాయసేవలు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. రాజ్యాంగంలో 39ఎ అధికరణ ఉంది. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా లాయరు ఉచితం. చాలామంది ఉద్యమ మిత్రులకే ఈ మాట తెలియదు, రాసిపెట్టుకోండి. కానీ కేసు అయ్యాక లాయరు వేరు, కేసు కాకముందు సలహా వేరు. వేలిముద్ర వెయ్యకముందు "ఆగు మామా, ఈ కాగితం ఒకసారి చూద్దాం" అనే మనిషి ఊళ్ళో కావాలి. ఆ మనిషికి తెలుగుతో పాటు అక్కడి ఆదివాసీ భాష రావాలి.

"సచివాలయం ఉంది కదా" అని ఇంకో మాట. సచివాలయంలో ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి మీదే ఫిర్యాదైతే ఆ అర్జీని అదే గదిలో ఎవరు రాసిస్తారు? బ్రిటన్‌లో 1939 సెప్టెంబర్‌లో, యుద్ధం మొదలైన రోజుల్లోనే, పౌర సలహా కేంద్రాలు తెరిచారు. స్థానిక కౌన్సిళ్ళు వాటికి డబ్బిస్తాయి. కౌన్సిల్ మీద ఫిర్యాదుతో వచ్చినవాళ్ళకి కూడా అక్కడ సలహా చెప్తారు. డబ్బు ప్రజలది, నోరు మాత్రం స్వతంత్రం. మన దగ్గర ఇది కొత్తేం కాదు. బొంబాయి పరేల్‌లో దామోదర్ హాల్లో బాబాసాహెబ్ ఆఫీసు తలుపు తట్టింది ఫీజు కట్టలేని జనమే.

అందుకే నా వాదన ఇది. ఐదో షెడ్యూల్ ప్రాంతంలోని ప్రతి పంచాయతీ బడ్జెట్‌లో ఉచిత సలహా కేంద్రానికి ఒక పద్దు ఉండాలి. ఇది దయాధర్మం కాదు. 1996 పీసా చట్టం 4వ సెక్షన్ భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారాన్ని, పోయిన భూమిని తిరిగి ఇప్పించే చర్యలు తీసుకునే అధికారాన్ని గ్రామసభకీ పంచాయతీకీ ఇవ్వాలంటుంది. వడ్డీ వ్యాపారం మీద అదుపూ వాటికే. ఊళ్ళో ఎవరి కాగితం ఎవరి చేతిలో ఉందో తెలియకుండా ఆ అధికారం ఎలా వాడతారు? పదకొండో షెడ్యూల్‌లో 27వ అంశం ఎస్సీ, ఎస్టీల సంక్షేమం. పద్దు రాయడానికి అంతకంటే ఆధారం అక్కర్లేదు.

డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021-26కి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్ళకీ పారిశుద్ధ్యానికీ కట్టేశారు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకి, కానీ జీతాలకి వాడకూడదన్నారు. కాబట్టి గౌరవ వేతనం పంచాయతీ సొంత రాబడి నుంచి రావాలి, చాలకపోతే ఐటీడీఏ కలపాలి. మంచు చూడ్డానికి వచ్చే జనం వల్ల పంచాయతీకి వచ్చే ప్రతి రూపాయిలో ఆ మంచు కింద భూమి ఉన్నవాళ్ళకి వాటా ఉంది.

గౌరవ వేతనం దగ్గర నేను రాజీపడను. ఇలాంటి పని వచ్చినప్పుడల్లా "చదువుకున్న మన పిల్లలు వాలంటీర్లుగా చేస్తారులే" అనే మాట వస్తుంది. డిగ్రీ చదివిన ఆదివాసీ అమ్మాయిని వారానికి మూడు రోజులు బల్ల దగ్గర కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తే అది సేవ అవుతుందా? ఘాట్ రోడ్డు మీద చేయించింది కూడా ఊరి మేలు కోసమేనని చెప్పే ఉంటారు. ఉచితం అనే మాట వచ్చినవాళ్ళకి వర్తించాలి, కూర్చున్నవాళ్ళకి కాదు.

విద్యార్థి మిత్రులకి ఒక పని. వచ్చే ఏడాది ప్రణాళిక కోసం మీ ఊళ్ళో గ్రామసభ పెట్టినప్పుడు వెళ్ళండి. ఒక గది, ఒక బల్ల, ఆ భాష వచ్చిన ఇద్దరు మనుషులు, వాళ్ళ వేతనం. ఈ నాలుగూ తీర్మానంలో రాయించండి. "చూద్దాం" అని మాటతో సరిపెడితే ఒప్పుకోకండి. తీర్మానం పుస్తకంలో ఎక్కాక, దాని నకలు తీసుకునే బయటికి రండి.