సద్ది డబ్బాలో సంగటికి చోటేది?

జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే ఒక చీటీ ఇంటికొస్తుంది. సోమవారం ఇడ్లీ, మంగళవారం చపాతీ, బుధవారం కూరగాయల అన్నం అంటూ పిల్లలు ఏ రోజు ఏం తేవాలో రాసి ఉంటుంది. దాని కింద తేకూడనివి. చిప్స్, నూడుల్స్ వద్దు. మాంసం, చేప, గుడ్డు వద్దు. పులుసు కారేవీ, ఘాటు వాసన వచ్చేవీ వద్దు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ప్రైవేటు బడులకు పిల్లల్ని పంపే మనలో చాలామంది ఇలాంటి చీటీ చూసినవాళ్ళమే, చదివీ చదవక సంతకం పెట్టినవాళ్ళమే. మాలో కొందరు ఆ చీటీలు పంచిన టీచర్లు కూడా.

అందులో కొంత మంచిదే. చిప్స్ పొట్లం సద్ది కాదని చెప్పడానికి బడి గట్టిగా నిలబడితే ఇంట్లో అమ్మకే మేలు. కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తిండిని బడిలోనూ, బడికి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. ఆ నిబంధన అంగడి సరుకు గురించి. ఇంట్లో పొయ్యి మీద ఉడికిన వంటల్లో ఏది గౌరవమైనదో, ఏది కాదో అది చెప్పలేదు. ఆ తేడా మనం కల్పించుకున్నదే.

రాగిసంగతే చూడండి. కెలమంగలం, డెంకణీకోట, సూళగిరి, వేపనపల్లి వైపు ఏ ఊరికి పోయినా సంగటి మన ఇంటి తిండి. తమిళులు కళి అంటారు, కన్నడిగులు ముద్దె అంటారు, ముగ్గురూ తింటారు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. మన చీటీల్లో మాత్రం రాగి మాటే ఉండదు. చల్లారితే సంగటి గట్టిపడుతుంది, నిజమే. రాగిరొట్టె గట్టిపడినా తినొచ్చు కదా! మాలో ఒకరి ఇంట్లో రెండో తరగతి పిల్ల రాగిరొట్టె, పితికిపప్పు కూర కట్టిన డబ్బాను మూత తీయకుండానే ఇంటికి తెచ్చేసింది. ఎందుకని అడిగితే, అది పట్టికలో లేదంది. రేపటి నుంచి బ్రెడ్డు పెట్టమంది. ఆ పూట పిల్ల పస్తుందని బడిలో ఎవరికీ తెలియలేదు.

పట్టిక వల్ల మరో చిక్కు. తెల్లవారకముందే లేచి ఫ్యాక్టరీ షిఫ్టుకో, గులాబీ తోటకో పోయే తల్లి ఉన్నదేదో వండి పెడుతుంది. మంగళవారం కాబట్టి చపాతీయే చెయ్యాలంటే ఆమె పనికి పోయేదెప్పుడు?

మాంసం, గుడ్ల దగ్గర మాట మరింత సున్నితం. గుడ్డు ముట్టని ఇళ్ళు మనలో ఉన్నాయి, ఎండుచేప లేనిదే ముద్ద దిగని ఇళ్ళూ ఉన్నాయి. తమిళనాడు ప్రభుత్వం బడిలో మధ్యాహ్న భోజనాన్ని 1956లో కామరాజ్ హయాంలో మొదలుపెట్టింది, 1982లో ఎంజీఆర్ హయాంలో సత్తుణవుగా పెంచింది. ఇప్పుడు బడి జరిగే ఐదు రోజులూ గుడ్డు పెడతారు. తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు. ఇద్దరూ ఒకే వరుసలో కూర్చుంటారు. ప్రభుత్వ బడిలో ఇన్నేళ్ళుగా నడుస్తున్నది ఫీజు కట్టే బడిలో ఎందుకు నడవదు? 2024 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో, మాంసాహారం తెచ్చాడన్న ఆరోపణ మీద ఒక చిన్న పిల్లవాణ్ణి ప్రైవేటు బడి నుంచి తీసేశారన్న గొడవ లేచింది. కుటుంబం అలహాబాద్ హైకోర్టుకు పోయింది. పిల్లల్ని మరో బడిలో చేర్పించమని డిసెంబరులో కోర్టు జిల్లా అధికారిని ఆదేశించాల్సి వచ్చింది. డబ్బాలో ఏముందన్నది కోర్టు దాకా పోయిందంటే అక్కడ పెద్దవాళ్ళెవరూ మాట్లాడుకోలేదని అర్థం.

ఇక, ఒకరి డబ్బాలోది మరొకరు తినకూడదన్న నియమం. అంటుజబ్బుల రోజుల్లో అది అవసరమే. ఏడాది పొడుగునా అమలు చేస్తే మాత్రం పిల్లలు దాన్ని వేరే రకంగా అర్థం చేసుకుంటారు. ఎవరింటి కూర ఎవరు ముట్టకూడదో మన ఊళ్ళల్లో పెద్దలు చెప్పే సంగతులు వాళ్ళ చెవిన పడుతూనే ఉంటాయి. బడి కూడా అదే చెబుతోందనుకుంటారు. పంచుకు తినే పిల్లల్ని విడదీసి కూర్చోబెట్టే ముందు టీచర్లం ఒకసారి ఆలోచించుకోవాలి.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలు పదో తరగతిలో తెలుగు పరీక్ష రాసుకోవడానికి కోర్టు మెట్లెక్కిన వాళ్ళం మనం. తక్కువమందిమి కాబట్టి మాదీ ఒక భాషేనని గుర్తించండని అడిగాం. అదే నోటితో, మన బడిలో తక్కువమంది తినే కూరకు వాసనని పేరెట్టి బయటికి నెట్టడం ఎలా కుదురుతుంది? అన్నట్టు, పితికిపప్పు, ఊరుబిండి, సద్ది లాంటి మాటలు మన పిల్లల నోట ఇంకా ఉన్నాయంటే పాఠ్యపుస్తకం చలవ కాదు, అమ్మ చేతి వంట చలవ.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మేము అడగబోయేవి చిన్నవే. చీటీలో అంగడి చిరుతిళ్ళ మీద నిషేధం ఉంచండి, పాచిపోయినది వద్దనండి, నీళ్ళ సీసా, చేతులు కడుక్కోవడం రాయండి. రోజుకో వంట పట్టిక తీసేయండి. గుడ్డు, చేప గురించి ఏ నిర్ణయమైనా తినేవాళ్ళనీ తిననివాళ్ళనీ కూర్చోబెట్టి అడిగాకే చేయండి. ఆ చీటీని ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ అచ్చువేయండి. సద్ది కట్టే అమ్మల్లో సగం మంది దాన్ని ఇప్పటిదాకా పిల్లల చేతనే చదివించుకుంటున్నారు.