రేఖాగణితంలో కోత ఎవరికి చేటు?

ఉన్నత పాఠశాలలో బోధించే రేఖాగణితాన్ని స్థూలంగా రెండు భాగాలుగా చెప్పుకోవచ్చు. బిందువు, రేఖ, కోణం, సర్వసమాన త్రిభుజాలు, సమాంతర రేఖలు మొదటి భాగం. సరూప త్రిభుజాలు, లంబకోణ త్రిభుజం, వృత్తాలు, స్పర్శరేఖలు, త్రికోణమితి, క్షేత్రమితి రెండవ భాగం. ఈ రెండవ భాగం విద్యాసంవత్సరం ద్వితీయార్ధంలో, దసరా సెలవులు ముగిసి పరీక్షల హడావిడి మొదలయ్యే వేళకు ఉపాధ్యాయుని చేతికి వస్తుంది. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో రూపుదిద్దుకున్న తెలుగు మాధ్యమం పదవ తరగతి పుస్తకంలోనూ ఈ అధ్యాయాలన్నీ వెనుక సగంలోనే చోటు చేసుకున్నాయి. కాలం చాలదన్న సాకుతో ముందుగా వేటుపడేది కూడా వీటి మీదనే.

ఈ వేటు తరగతి గదికే పరిమితం కాలేదు. కొవిడ్ కాలంలో పిల్లలు కోల్పోయిన చదువును దృష్టిలో పెట్టుకుని, భారం తగ్గించే పేరుతో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి తన పాఠ్యపుస్తకాలను 2022లో కుదించింది. పదవ తరగతి గణితంలో పైథాగరస్ సిద్ధాంతపు ఉపపత్తి, సరూప త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి, జ్యామితీయ నిర్మాణాల అధ్యాయం మొత్తం, కోసిన శంకువు ఘనపరిమాణం తొలగిపోయాయి. తొమ్మిదవ తరగతిలో సమాంతర చతుర్భుజాల, త్రిభుజాల వైశాల్యాల అధ్యాయం పోయింది. చరిత్ర పుస్తకాలలోని కోతల మీద, జీవశాస్త్రంలో పరిణామ సిద్ధాంతం తొలగింపు మీద 2023లో దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. రేఖాగణితం గురించి మాట్లాడినవారు మాత్రం బహు కొద్దిమంది. త్రిభుజానికి కులమూ లేదు, మతమూ లేదు, ఓటూ లేదు. అందుచేత దాని పక్షాన ఊరేగింపు తీసేవారు ఉండరు.

కోతను సమర్థించేవారి వాదనలో న్యాయం లేకపోలేదు. పైథాగరస్ సూత్రం కింది తరగతులలోనే పరిచయమవుతుందని, అదే విషయాన్ని మళ్ళీ చెప్పడం పునరుక్తి అని వారంటారు. బడులు మూతబడిన రెండేళ్ళలో పల్లె పిల్లలు అంకగణితమే మరచిపోయిన మాటా నిజమే. అయితే కింది తరగతిలో పిల్లవాడు నేర్చేది సూత్రాన్ని వాడటం. పదవ తరగతిలో నేర్చేది ఆ సూత్రం ఎందుకు నిజమో చెప్పడం. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరమే రేఖాగణితం. దానిని పునరుక్తి అనడం, వంట తినడం వచ్చు కనుక వండటం నేర్పనక్కరలేదనడం వంటిది.

నాలుగు భుజాల మోసం

ఈ విషయం పండితుల చర్చ కాదు, సామాన్యుని జేబుకు సంబంధించినది. ఒక ఇంటి స్థలం నాలుగు వైపులా అరవై అడుగుల చొప్పున ఉందనుకుందాం. అరవైని అరవైతో గుణించి 3,600 చదరపు అడుగులు, అంటే 400 చదరపు గజాలు అని దస్తావేజులో రాయించేవారు నేటికీ కోకొల్లలు. కానీ నాలుగు భుజాలూ సమానమైనంత మాత్రాన అది చదరం కానక్కరలేదు. మూలలు కాస్త పక్కకు ఒరిగి, ఒక మూల అరవై డిగ్రీలకు దిగితే, అవే నాలుగు భుజాల మధ్య ఉండే నేల దాదాపు 346 గజాలే. గజం ధర పది వేల రూపాయలైతే కొనుగోలుదారు అయిదు లక్షల పైచిలుకు గాలికి చెల్లించినట్లు. టేపు అబద్ధమాడలేదు, అమ్మకందారు కొలతా తప్పు కాదు. లోపించినది ఒక్క కర్ణం కొలత.

మూడు భుజాలు చెబితే త్రిభుజం స్థిరపడుతుంది. నాలుగు భుజాలు చెప్పినంత మాత్రాన చతుర్భుజం స్థిరపడదు. ఈ ఒక్క ముక్క తెలిసిన విద్యార్థి జీవితంలో స్థలం కొనేటప్పుడు ఎదురుమూలల మధ్య దూరం కూడా కొలిపిస్తాడు. మన పూర్వులకు ఇది తెలియనిది కాదు. ఎదురెదురు భుజాల సగటులను గుణించి వైశాల్యం కట్టడం స్థూలమని, సూక్ష్మమైన పద్ధతి వేరే ఉన్నదని బ్రహ్మగుప్తుడు 628లోనే విడదీసి చెప్పాడు. ఆయన ఇచ్చిన సూక్ష్మ సూత్రం వృత్తంలో ఇమిడే చతుర్భుజాలకే వర్తిస్తుంది. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు మరో అడుగు ముందుకు వేసి, లంబమో కర్ణమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవాడు పిశాచమని, జవాబిచ్చేవాడు అంతకంటె అన్యాయమని ఈసడించాడు. ఆ లెక్కన మన రిజిస్ట్రేషన్ కార్యాలయాల ముంగిట నేటికీ పిశాచాలు తిరుగుతున్నట్టే.

మద్రాసు రాష్ట్ర కాలం నుంచి ఆంధ్ర ప్రాంతపు క్షేత్ర కొలతల పుస్తకాలలో సర్వేయరు చేసిన పని ఇదే. పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, కర్ణం గీసి, దాని నుంచి గట్టు మలుపులకు లంబాలు కొలిచేవాడు. తెలంగాణలో టిప్పన్ అన్నా, ఆంధ్రలో ఎఫ్‌.ఎం.బి. అన్నా దాని ప్రాణం రేఖాగణితమే. అరవై ఆరు అడుగుల గొలుసు, పది చదరపు గొలుసులకు ఒక ఎకరం, ఎకరానికి ఇక్కడ నలభై గుంటలు, అక్కడ వంద సెంట్లు. ఈ లెక్కలన్నీ ఆ త్రిభుజాల మీదనే నిలబడ్డాయి. ఆ కాగితాన్ని చదవగలిగిన రైతు ఊరికి ఒకరిద్దరు మించి ఉండరు. మిగిలినవారికి అది గీతల బొమ్మ మాత్రమే.

గ్రామాల నివాస స్థలాలను డ్రోన్లతో కొలిచే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర భూముల రీసర్వే అదే ఏడాది డిసెంబరులో మొదలైంది. యంత్రం వచ్చింది కనుక ఇక మనిషికి లెక్క అక్కరలేదని కొందరు వాదిస్తారు. వాస్తవం దీనికి పూర్తిగా భిన్నం. యంత్రం ఇచ్చేది నిరూపకాలు, పటం, విస్తీర్ణం. వాటి కింద సంతకం చేయవలసినది రైతు. తన పొలం మూడు సెంట్లు తగ్గిందని పటం చెబితే, ఆ తగ్గుదల గట్టు జరగడం వల్లనా, పాత లెక్క స్థూలం కావడం వల్లనా, కొత్త కొలతలో పొరపాటు వల్లనా అని అడిగే శక్తి అతనికో, పదో తరగతి చదివిన అతని కుమార్తెకో ఉండాలి. అది లేనిచోట డ్రోను కూడా పాత కరణం దస్త్రం లాగే ఎదురు ప్రశ్నించరాని వస్తువుగా మారుతుంది.

మేస్త్రీకి తెలిసినది, మార్కులకు తెలియనిది

ఇల్లు కట్టే చోటుకు వెళ్ళి చూడండి. పునాదికి దారం పట్టేటప్పుడు మేస్త్రీ ఒక గోడ వెంట మూడడుగులు, రెండవ గోడ వెంట నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా అయిదు అడుగులు వచ్చే దాకా దారాన్ని జరుపుతాడు. మూలమట్టం చిన్నది కనుక పెద్ద గోడల మూలను నమ్మకంగా నిర్ణయించడానికి అతనికి ఇదే మార్గం. అతడు వాడుతున్నది నిజానికి పైథాగరస్ సిద్ధాంతం కాదు, దాని విపర్యయం. లంబకోణం ఉంటే భుజాల వర్గాల సంబంధం ఉంటుందన్నది ఒక మాట, ఆ సంబంధం ఉంటే లంబకోణం ఉండి తీరుతుందన్నది మరొక మాట. ఈ తేడాను పట్టుకోవడమే తర్కానికి ఓనమాలు. ‘దొంగ రాత్రి తిరుగుతాడు’ అన్నది నిజమైనా ‘రాత్రి తిరిగేవాడు దొంగ’ అన్నది నిజం కానక్కరలేదు. ఒక వాక్యాన్ని తిరగవేసి జనాన్ని నమ్మించే రాజకీయ ఉపన్యాసాలు రోజూ వినే దేశంలో ఈ పాఠం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

తొలగించిన మరో అంశం సరూప త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి. పొడవు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు, ఘనపరిమాణం ఎనిమిదింతలు. రెండంగుళాల పైపు బదులు నాలుగంగుళాల పైపు వేస్తే నీరు పారే అడ్డుకోత రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుందన్నది ఇందులోనిదే. లే-అవుట్ పటాన్ని సగం పొడవుకు కుదించి జిరాక్సు తీస్తే, దాని మీద అంకెలలో అచ్చయిన స్కేలు అబద్ధమవుతుందన్నదీ ఇందులోనిదే. కోసిన శంకువు అంటే ఏదో వింత వస్తువు కాదు, మన ఇంటి బొక్కెన, టీ కొట్టు గ్లాసు. వీటిని భారమని తీసివేసినవారు ఏది బరువని భావించారో అంతుపట్టదు.

ఇక త్రికోణమితి. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసు సమీపాన పరంగిమల వద్ద గొలుసు పట్టి దాదాపు ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను కొలవడం ప్రారంభించాడు. ఒక్క భుజం కచ్చితంగా కొలిస్తే చాలు, ఆపైన కోణాలు చూసుకుంటూ త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుపోవచ్చన్నది ఆ మహా సర్వే సూత్రం. ఆ త్రిభుజాల గొలుసు దక్కను మీదుగా హిమాలయాల దాకా సాగింది. నేపాల్ తన గడ్డ మీద అడుగు పెట్టనీయకపోయినా, వంద మైళ్ళకు పైగా దూరం నుంచి కోణాలు కొలిచి, రాధానాథ్ సిక్దార్ వంటి గణకుల శ్రమతో ఎవరెస్టు ఎత్తును కట్టి 1856లో 29,002 అడుగులుగా ప్రకటించారు. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే 29,031 అడుగుల చిల్లర. ఉపగ్రహాలు లేని కాలపు గణనకూ దీనికీ తేడా ముప్పై అడుగులు. ఊర్ధ్వకోణం పాఠంలో గాలిపటం, దీపస్తంభం లెక్కలు చేసే పిల్లవానికి తాను చేస్తున్నది ఇదే పని అని చెప్పేవారు ఏరి? ‘సైన్’ అన్న మాట మన ‘జ్యా’ నుంచే అరబ్బీ మీదుగా లాటిన్‌కు వెళ్ళి, రూపు మారి తిరిగివచ్చిందని చెప్పేవారు ఏరి?

తప్పు పుస్తకాలది మాత్రమే కాదు

కోతలను నిందించి ఊరుకోవడం సులభం. కోతకు ముందు కూడా మన బడులలో రేఖాగణితం సజీవంగా లేదన్నది ఒప్పుకోక తప్పదు. ఈ వ్యాసకర్త చదువుకున్న రోజులలో సిద్ధాంతాలను పద్యాల వలె వల్లె వేయించేవారు. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అన్న నాలుగు శీర్షికల కింద గుక్క తిప్పుకోకుండా రాసేవాళ్ళం. ఒక పరీక్షలో త్రిభుజం పేరు ఏ బి సి బదులు పి క్యూ ఆర్ అని మార్చి ఇచ్చేసరికి తరగతిలో సగం మంది కలాలు ఆగిపోయాయి. అందులో ఈ రాసేవాడూ ఒకడు. అక్షరం మారితే ఆగిపోయేది జ్ఞాపకమే తప్ప జ్ఞానం కాదని ఆనాడు తెలియలేదు. నేటికీ పరిస్థితి పెద్దగా మారలేదు. బహుళైచ్ఛిక ప్రశ్నల ప్రవేశ పరీక్షలకు ఎనిమిదవ తరగతి నుంచే తయారుచేసే చోట జవాబు ఏదన్నదే ముఖ్యం. ఎందుకన్న ప్రశ్నకు మార్కులు లేవు, కనుక కాలమూ లేదు.

ఈ దుస్థితికి మందు పాఠాన్ని తొలగించడం కాదు, దానిని బతికించడం. జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2023లో వెలువడింది. దాని ప్రకారం 2024 నుంచి కింది తరగతులతో మొదలుపెట్టి కొత్త పుస్తకాలు వస్తున్నాయి. పై తరగతుల పుస్తకాల విషయంలో జాతీయ మండలి, రాష్ట్రాల మండళ్ళు మూడు సంగతులు గమనించాలి. ఒకటి, పైథాగరస్ సిద్ధాంతపు ఉపపత్తిని, వైశాల్యాల నిష్పత్తిని, నిర్మాణాలను పదవ తరగతి ముగిసేలోగా ప్రతి విద్యార్థి చేతి మీదుగా పోనివ్వాలి. రెండు, పరీక్షలో కంఠస్థ ఉపపత్తి అడగడానికి బదులు ఒక దోషమున్న ఉపపత్తి ఇచ్చి, తప్పు ఏ మెట్టులో ఉన్నదో చెప్పమనాలి. దీనిని వల్లె వేయడం సాధ్యం కాదు. మూడు, సంక్రాంతికి ముందు రెండు రోజులు పిల్లలను టేపుతో, తాడుతో బడి ఆవరణలోకి దింపాలి. ఆవరణను త్రిభుజాలుగా విడగొట్టి కొలిచి, పటం గీసి, రెవిన్యూ రికార్డులోని విస్తీర్ణంతో పోల్చమనాలి. దీనికి కావలసిన ఖర్చు ఒక టేపు, నాలుగు కర్రలు.

తాడుతో వేదికలు కొలిచిన శుల్బసూత్రాల దేశం మనది. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని పదకొండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లెక్కను సామాన్యుని భాషలోకి దింపాలన్న తపన అంత పాతది. ఆ వారసత్వాన్ని వేదికల మీద కీర్తిస్తూ, తరగతి గదిలో దానికి ఉపపత్తిని తీసివేయడం మనలను మనం వంచించుకోవడమే. కొలవడం తెలిసిన చేతిని, ఎందుకని అడగడం తెలిసిన నోటిని మోసగించడం కష్టం. ఆ రెండూ ప్రతి పేద పిల్లవానికి అందవలసిన వయసు పదిహేనేళ్ళు. అందవలసిన చోటు దసరా తరువాతి గణితం తరగతి. ఆ గంటను కుదించే హక్కు ఎవరికీ లేదు.